ఏసీ/డీసీ టూర్ లాంటి వాటికి రీసేల్‌లో టికెట్ కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

ఒకరు కొన్న టికెట్లని తిరిగి అమ్మే రీసేల్ సైట్ ఒకదాంట్లో కొని నేను మోసపోయి చాలా రోజులైంది, చెప్తే పరువు పోతుందని ఎక్కడా రాయలేదు. కానీ మొన్న మా ఆఫీసులో ఒకబ్బాయి లంచ్ టైంలో అదే రీసేల్ సైట్ ఓపెన్ చేసి ఇంకో బ్యాండ్ టికెట్లు కార్ట్‌లో పెట్టుకుంటుంటే ఇంక ఉండబట్టలేక రాస్తున్నా. సైట్ పేరు చెప్పను, అడగొద్దు. పేరు చెప్తే ఆ ఒక్కటే చెడ్డది, మిగతావి మంచివి అనుకుంటారు.

నేను ఉండేది ఐర్లండ్‌లో, కార్క్‌లో. 2024లో రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ పవర్ అప్ టూర్ గుర్తుందిగా, మే 17న జర్మనీలో గెల్సెన్‌కిర్షెన్‌లో మొదలై ఆగస్టు 17న డబ్లిన్ క్రోక్ పార్క్ స్టేడియంలో ఆ ఏడాది షోలు ముగిశాయి. మా తమ్ముడికి చిన్నప్పటినుంచి స్కూల్ యూనిఫాంలో స్టేజి ఎక్కే ఆ బ్యాండ్ గిటారిస్ట్ ఆంగస్ యంగ్ అంటే పిచ్చి, స్కూల్ టై నుదుటికి కట్టుకుని క్రికెట్ బ్యాట్‌తో గిటార్ వాయించి అమ్మ చేత తన్నులు తిన్న రకం. 2016లో బ్యాండ్ గాయకుడు బ్రయాన్ జాన్సన్‌కి ఇంకా పాడితే చెవులు పూర్తిగా పోతాయని డాక్టర్లు చెప్పడం, టూర్ మధ్యలో ఆయన ఆగిపోతే మిగతా షోలు గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు ఆక్సల్ రోజ్ పాడటం, 2017లో ఆంగస్ అన్న, బ్యాండ్ గిటారిస్ట్ మాల్కం యంగ్ చనిపోవడం, ఇవన్నీ చూశాక ఇంక ఈ బ్యాండ్‌ని స్టేజి మీద చూడం అనే అనుకున్నాం. 2023 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో పవర్ ట్రిప్ ఫెస్టివల్‌లో మళ్ళీ ఎక్కారు, ఆ తర్వాత ఏకంగా యూరప్ టూర్. ఇదే ఆఖరిసారేమో అని ప్రతి ఫ్యాన్‌కీ గుబులు. ఆ గుబులు మీదే రీసేల్ వాళ్ళ వ్యాపారమంతా నడుస్తుంది, అది నాకు తర్వాత తెలిసింది.

సేల్ రోజు అఫీషియల్ క్యూలో నా ముందు వేలమంది, మధ్యలో మేనేజర్ కాల్, తిరిగొచ్చేసరికి రెండు సీట్లు పక్కపక్కన ఎక్కడా లేవు. వెంటనే గూగుల్ చేస్తే పైన యాడ్‌లో ఒక సైట్, చూడ్డానికి అచ్చం అఫీషియల్ లాగే ఉంది. "ఇప్పుడు ఇంకో 9 మంది ఇవే టికెట్లు చూస్తున్నారు" అని ఎర్ర అక్షరాలు, పైన గడియారం వెనక్కి తిరుగుతోంది, కింద "100 శాతం గ్యారంటీ". అసలు ధరకి రెట్టింపు పైనే పెట్టి రెండు కొన్నా. కుసాక్ స్టాండ్ లోయర్ అని ఉంది గానీ వరుస, సీటు నంబర్ దగ్గర "తర్వాత తెలియజేస్తాం" అని రాసుంది. అదేంటో అడగాలని కూడా తట్టలేదు, గడియారంలో ఇంకా 2 నిమిషాలే ఉన్నాయని కంగారు.

సీటు నంబర్ లేదు అంటే చాలాసార్లు అర్థం ఏంటంటే అమ్మేవాడి దగ్గర అసలు టికెట్టే లేదు. చేతిలో సరుకు లేకుండా బేరం అన్నమాట. ముందు మన దగ్గర డబ్బులు లాగేసి, షో దగ్గరపడ్డాక రేటు పడితే ఎక్కడో తక్కువకి కొని మనకి పంపిస్తాడు, పడకపోతే చేతులెత్తేస్తాడు. ఆర్నెల్లు మనం సెలవు పెట్టుకుని, ఫ్లైట్లు బుక్ చేసుకుని కూర్చుంటాం, వాడు మన డబ్బుతో జూదం ఆడుతుంటాడు.

ఆ రోజు శనివారం. తమ్ముడు మాంచెస్టర్ నుంచి ఫ్లైట్‌లో వచ్చాడు, నేను కార్క్ నుంచి రైల్లో హ్యూస్టన్ స్టేషన్‌కి. అప్పటికీ టికెట్లు రాలేదు. సపోర్ట్‌కి మెయిల్ పెడితే "షో రోజు లోపు అందుతాయి, కంగారు పడకండి" అని అదే కాపీ పేస్ట్ జవాబు. స్టేడియం దారిలో ఏసీ/డీసీ ఫ్యాన్లు తలకి పెట్టుకునే, ఎర్రగా వెలిగి ఆరే కొమ్ముల బ్యాండ్లు అమ్ముతుంటే తమ్ముడు రెండు కొని ఒకటి నా తలకి కూడా తగిలించాడు. గేట్లు తీశాక, సాయంత్రం, ఫోన్‌కి వచ్చింది ఏంటో తెలుసా, బార్‌కోడ్ ఫొటో. స్క్రీన్‌షాట్! పైన బ్యాటరీ 34 శాతం అని కూడా కనిపిస్తోంది, ఎవరి ఫోన్‌దో.

గేట్ దగ్గర స్టీవర్డ్ స్కాన్ చేశాడు, ఎర్ర లైటు. ఇంకోసారి చేశాడు, ఎర్ర లైటే. పాపం ఆయన మంచిగానే చెప్పాడు, ఈ బార్‌కోడ్ చెల్లదు, బాక్స్ ఆఫీస్‌కి వెళ్ళండని. అక్కడ క్యూలో మా ముందు ఒకాయన కూతురితో నిలబడ్డాడు, ఆ పిల్ల తలమీద కూడా కొమ్ములే. మాటల్లో ఆయన ఫోన్ చూపిస్తే అదే స్టాండ్, అదే వరుస, అవే సీట్లు, అదే 34 శాతం బ్యాటరీ. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని ఏడవలేక నవ్వుకున్నాం. కౌంటర్‌లో ఆవిడ మా పేరు మీద ఆర్డర్ ఏదీ లేదంది. ఉండదు కదా!

ఇప్పుడు పెద్ద షోలకి మొబైల్ టికెట్లలో చాలావాటికి బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది, అందుకే స్క్రీన్‌షాట్ పనికిరాదు. నిజమైన టికెట్ అయితే అఫీషియల్ యాప్‌లో ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ అవుతుంది, మన యాప్‌లో మన పేరు మీద కనపడుతుంది. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఫొటో పంపిస్తా అన్నాడంటే అక్కడే ఆపేయండి.

బయట ఒకడు "రెండు టికెట్లు ఉన్నాయి, క్యాష్" అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు. ఒకే రోజు రెండుసార్లు మునగలేం రా అని లాక్కొచ్చేశా. కాసేపు డ్రమ్‌కాండ్రా రోడ్డు వైపు ఊరికే నడిచాం, గిటార్ సౌండ్ వీధంతా వినపడుతూనే ఉంది. చివర్లో ఫిరంగులు పేలుస్తారు కదా, ఆ శబ్దం వచ్చినప్పుడు వాడు ఏం మాట్లాడకుండా తలమీద బ్యాండ్ స్విచ్ ఆపేశాడు. వాడికప్పుడు 31 ఏళ్ళు.

ఇక గ్యారంటీ కథ, అసలు నేను రాయాలనుకున్నది ఇదే. రాత్రి 9 గంటల 10 నిమిషాలకి, లోపల షో జోరుగా నడుస్తుండగా, "మీకు సమానమైన వేరే టికెట్లు దొరికాయి, వచ్చి తీసుకోండి" అని మెయిల్ పంపారు. ఎక్కడ తీసుకోవాలో లేదు, ఇచ్చిన ఫోన్ నంబర్ ఎత్తేవాడు లేడు. మూడు రోజుల తర్వాత రీఫండ్ అడిగితే, మేం ప్రత్యామ్నాయం ఇచ్చాం, మీరే తీసుకోలేదు, కాబట్టి డబ్బు వాపసు ఉండదు, మా సైట్‌లో వాడుకునే క్రెడిట్ ఇస్తాం అన్నారు! దాంతోపాటు మమ్మల్ని లోపలికి రానివ్వలేదని స్టేడియం వాళ్ళ దగ్గర్నుంచి రాతపూర్వకంగా రుజువు కావాలట. ఆ 100 శాతం గ్యారంటీ కింద కంటికి ఆనని అక్షరాల్లో ఇవన్నీ ఉన్నాయి, అంటే వాళ్ళు అబద్ధం ఆడలేదు, మనం చదవలేదు. కక్కలేక మింగలేక ఉంది నా పరిస్థితి.

అందుకే ఒకవేళ మీకు గేట్ దగ్గర ఇలా జరిగితే కోపంతో వెళ్ళిపోకండి. స్కానర్ ఎర్ర లైటు ఫొటో తీసుకోండి, బాక్స్ ఆఫీస్‌లో టికెట్ చెల్లదని ఒక కాగితం మీదో మెయిల్‌లోనో రాసిమ్మని అడగండి, టైం కనపడేలా మీ ఫొటో ఒకటి తీసుకోండి. నేను తీసుకోలేదు. ఆ తండ్రీకూతుళ్ళ దగ్గర మాత్రం బాక్స్ ఆఫీస్ ఆవిడ రాసిచ్చిన చీటీ ఉంది, అవే సీట్లు కాబట్టి దాని కాపీ, వాళ్ళ స్క్రీన్‌షాట్ నాకు పంపించారు, అదే నన్ను కాపాడింది.

ఇంకో సంగతి, ఐర్లండ్‌లో 2021లో చట్టమే తెచ్చారు, చట్టం కిందకి వచ్చే పెద్ద వేదికల షోలకి టికెట్‌ని అసలు ధరకంటే ఎక్కువకి తిరిగి అమ్మడం నేరం, 1,00,000 యూరోల దాకా జరిమానా, రెండేళ్ళ దాకా జైలు. నేను ఇక్కడే ఉంటూ ఈ విషయం తెలీకుండా రెట్టింపు ధర కట్టానంటే నన్నేమనాలి. సైట్ ఎక్కడో వేరే దేశంలో రిజిస్టర్ అయి ఉంటే మనం చట్టం మాట్లాడినా గోడకి చెప్పుకున్నట్టే, కానీ ధర రెట్టింపు చూడగానే ఇది అఫీషియల్ కాదు అని అర్థం చేసుకోడానికి మాత్రం ఆ రూల్ చాలు.

షో క్యాన్సిల్ అయినా రీసేల్ వాళ్ళతో ఇదే తంటా. మా షోకి రెండు వారాల ముందే, 2024 ఆగస్టు 2న, గాయకుడు స్టీవెన్ టైలర్ గొంతు దెబ్బ పూర్తిగా తగ్గే అవకాశం లేదని ఏరోస్మిత్ అనే ఇంకో రాక్ బ్యాండ్ వాళ్ళు టూరింగ్ మొత్తానికే ఆపేశారు. టికెట్‌మాస్టర్‌లో నేరుగా కొన్నవాళ్ళకి ఆటోమేటిక్ రీఫండ్, రీసేల్‌లో కొన్నవాళ్ళని మీరు ఎక్కడ కొన్నారో అక్కడే అడుక్కోండి అన్నారు. అది చదివి కూడా నాకు ట్యూబ్‌లైట్ వెలగలేదు.

డబ్బులు ఎలాగైనా కార్డుతోనే కట్టండి, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ అసలొద్దు. వీసా, మాస్టర్‌కార్డ్ డిస్ప్యూట్లు, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంక్‌కి పెట్టే ఫిర్యాదులు, చాలావాటికి గడువు 120 రోజులే, సైట్ వాళ్ళు "మీ కేసు పరిశీలనలో ఉంది" అని సాగదీసేది దానికోసమేనని నా అనుమానం. నేను మూడో వారంలోనే వాళ్ళ క్రెడిట్ వద్దని మెయిల్ పెట్టి బ్యాంక్‌కి వెళ్ళా. క్రెడిట్ తీసుకుని ఉంటే గొడవ తీరిపోయినట్టు లెక్క కట్టేవాళ్ళు. ఏడు వారాలకి టికెట్ డబ్బులు వెనక్కి వచ్చాయి. తమ్ముడి ఫ్లైట్, నా రైలు, హోటల్ రూము, ఆ రెండు కొమ్ముల బ్యాండ్లు మాత్రం మా ఖాతాలోనే.