ఆదివారం ఏడున్నరకి పాట పట్టుకోవడం: యాప్‌తో రెండేళ్లు, యాప్ లేకుండా మూడేళ్లు

2020 లాక్‌డౌన్‌లో పట్టుకున్న అలవాట్లలో మా ఇంట్లో ఇంకా బతికున్నవి రెండే. ఒకటి మేడ మీద కుండీలో కరివేపాకు మొక్క. రెండోది ఆదివారం పొద్దున ఐదుగురం ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లం కూర్చుని, పాత ఇంగ్లిష్ పాటల మొదటి ముక్క విని పేరు చెప్పుకునే ఆట.

ఐదుగురం తొంభైల్లో వరంగల్‌లో ఒకే హాస్టల్‌లో ఉన్నవాళ్లం. కామన్ రూమ్‌లో ఛానల్ వీ, కోఠి నుంచి ఎవరో తెచ్చిన కాపీ క్యాసెట్లు, అదే మా సంగీత విద్య. ఇప్పుడు ఇద్దరు హైదరాబాద్, నేను విజయవాడ, ఒకడు డల్లాస్, ఒకడు మెల్‌బోర్న్. మాకు ఆదివారం ఏడున్నర అయితే డల్లాస్‌లో శనివారం రాత్రి తొమ్మిది, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం పన్నెండు. అక్కడ గడియారాలు మార్చే రోజులొస్తే ఓ గంట అటూ ఇటూ అవుతుంది. అందరికీ కుదిరే టైమ్ ఇదొక్కటే. మా ఇంట్లో మాత్రం అది సరిగ్గా ఇడ్లీలు దించే టైమ్.

మొదటి రెండేళ్లు ఒక ఫోన్ యాప్‌లో ఆడాం. పేరు చెప్పను, ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ దాదాపు ఒకే తీరు. 'క్లాసిక్ రాక్' అనో 'ఎనభైల పాప్' అనో ఓ వర్గం ఎంచుకుంటే పాట ముక్క మోగుతుంది, కింద నాలుగు పేర్లు వస్తాయి, ఎంత త్వరగా నొక్కితే అన్ని పాయింట్లు. ఇందులో మంచి ఏమిటంటే పాట ఎవరి ఫోన్‌లో వాళ్లకే మోగుతుంది, టైమర్ కూడా ఎవరిది వాళ్లదే. డల్లాస్‌వాడికి ఆలస్యంగా వినబడిందన్న గొడవ ఉండదు. నేను రాత్రి ఆడి పడుకుంటే వాడు లంచ్ టైమ్‌లో ఆడి నా స్కోరు దాటేవాడు. పాటల నిల్వకూ లోటు లేదు.

అయినా విసుగొచ్చింది. కారణం ఆ నాలుగు పేర్లే. సింథసైజర్ మోగుతోంది, కింద మూడు గిటార్ బ్యాండ్లూ ఒక పాప్ గాయనీ ఉన్నారు. పాట తెలియక్కర్లేదు, మిగిలిన పేరు నొక్కితే చాలు. చాలాసార్లు ముక్క కోరస్ దగ్గర నుంచి తీస్తారు. పాడేవాడే పాట పేరు చెప్పేస్తుంటే ఇక మనం కనిపెట్టేదేముంది? కొన్నిసార్లు అసలు రికార్డింగ్ కాకుండా మళ్లీ పాడిన వెర్షన్ వస్తుంది. డెఫ్ లెపర్డ్ లాంటి బ్యాండ్లు డిజిటల్ రాయల్టీల తగాదా వల్ల 2012లో తమ పాత హిట్లనే మళ్లీ రికార్డు చేశాయి, కాబట్టి ఇది వింతేమీ కాదు. కానీ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్న చెవికి తేడా కొడుతుంది, సందేహపడే లోపు పాయింట్లు కరిగిపోతాయి. మొత్తం మీద పాట తెలిసినవాడి కంటే బొటనవేలు చురుగ్గా ఉన్నవాడే గెలుస్తున్నాడు. మా ఐదుగురిలో అది హైదరాబాద్‌వాళ్లలో ఒకడు. వాడికి బీటిల్స్‌కీ బీ జీస్‌కీ తేడా తెలియదని హాస్టల్లో అందరికీ తెలుసు.

2022 ఫిబ్రవరిలో హర్డిల్ అనే ఆన్‌లైన్ ఆట వచ్చింది. రోజుకొక్కటే పాట. మొదట ఒక సెకను వినిపిస్తుంది, తెలియకపోతే రెండు, తర్వాత నాలుగు, ఏడు, పదకొండు, చివరికి పదహారు సెకన్లు. ఆరు అవకాశాలు. ఎదురుగా నాలుగు పేర్లు ఉండవు, మనమే టైప్ చేయాలి. అదే ఏడాది జులైలో స్పాటిఫై కొనుక్కుంది, 2023 మే 5న మూసేసింది. ఉన్న కొన్నాళ్లూ పొద్దున్నే వాట్సాప్ గ్రూప్‌లో మా ఫలితాల ఆకుపచ్చ గడులే. మాకు కావలసిన ఆట ఇదే అని అప్పుడు తెలిసింది. కాకపోతే అందులో ఐదుగురం కలిసి కూర్చునే వీలు లేదు. సరే, మనమే పెట్టుకుందాం అనుకున్నాం.

వీడియో కాల్‌లో ఒకడు పాట వినిపించడం, మిగతావాళ్లు చెప్పడం. ఇంత చిన్న పనికి నెల పట్టింది. మొదటి ఆదివారం హోస్ట్ నేనే. స్కార్పియన్స్ 'విండ్ ఆఫ్ చేంజ్' పెట్టాను. మొదలే ఈల. మా హాస్టల్లో ఆ ఈల వేయనివాడు లేడు. అవతల నలుగురూ మౌనంగా చూస్తున్నారు. "పాట పెట్టరా" అంటాడు మెల్‌బోర్న్‌వాడు. అసలు సంగతి ఏమిటంటే, కాల్ యాప్‌లో చుట్టుపక్కల రొద తీసేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. వంటింట్లో కుక్కర్ విజిల్‌ని అది చక్కగా మింగింది, దాంతో పాటు స్కార్పియన్స్ విజిల్‌నీ మింగింది. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' మొదట్లో వచ్చే గల్లాపెట్టె చప్పుడుకీ అదే గతి పట్టింది.

మీరూ ఇలా ఆడాలనుకుంటే ముందు ఈ రెండు పనులు చేయండి. మైకు ముందు స్పీకర్ పెట్టి పాట మోగించకండి. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు కంప్యూటర్ ఆడియో కూడా పంపే చిన్న టిక్కు ఒకటి ఉంటుంది, అది పెట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో రొద తగ్గించే ఆప్షన్ తీసేయండి. 'ఒరిజినల్ సౌండ్' లాంటి పేరేదైనా కనిపిస్తే దాన్ని ఆన్ చేయండి. బాస్ గిటార్ కొద్దిగా పలచబడుతుంది, అయినా పాట పాటలాగే వినిపిస్తుంది.

ఆ తర్వాత కొట్లాట ఎవరు ముందు చెప్పారన్నదాని మీద. హైదరాబాద్ నుంచి డల్లాస్ పద్నాలుగు వేల కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే కేబుల్ తిన్నగా ఉన్నా పాట అక్కడికి చేరడానికి 70 మిల్లీ సెకన్ల పైనే, వాడి కేక ఇక్కడికి రావడానికి మళ్లీ అంతే. మధ్యలో వైఫై, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తమ వంతు కలుపుతాయి. "ఒరేయ్, నేనే ముందు చెప్పాన్రా, మీకు లేటుగా వినబడింది" అని వాడు, "నీ నెట్టు సంగతి మాకెందుకు మామా" అని వీళ్లు. పాతికేళ్ల స్నేహం 'స్మోక్ ఆన్ ద వాటర్' పాట మీద తెగిపోయేలా ఉంది.

దీనికి దారి చూపింది హైదరాబాద్‌లోని రెండోవాడు. వేలం పెడదాం అన్నాడు. హోస్ట్ ఒక చిన్న ఆధారం ఇస్తాడు. "1983లో సింగిల్‌గా వచ్చింది. పాట మొదలవడానికి అరనిమిషం పడుతుందని నిర్మాత విసుక్కున్నాడు, గాయకుడు మాత్రం ఆ మొదలే నాతో డాన్స్ చేయిస్తుందని తగ్గించనివ్వలేదు." ఇక వేలం పాట పాడుకోవాలి. "నాకు పదకొండు సెకన్లు." "నాకు ఏడు." "నాలుగు." తక్కువ అడిగినవాడికి అన్ని సెకన్లే వినిపిస్తారు. చెప్తే మూడు పాయింట్లు, తప్పితే మూడు పోతాయి. తొందర లేదు, గంట కొట్టక్కర్లేదు, డల్లాస్ అయినా పక్కగది అయినా ఒకటే. మూడేళ్లుగా ఈ ఆట చావకుండా ఉందంటే ఈ ఒక్క నియమం వల్లే అని నా నమ్మకం.

పైన చెప్పింది మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్', నిర్మాత క్విన్సీ జోన్స్. వేలానికి ఇంతకన్నా మంచి పాట లేదు. మొదటి రెండు బార్లు (తాళం చుట్లు) ఒట్టి డ్రమ్సే, అంటే సుమారు నాలుగు సెకన్లు. ఆ తర్వాత బాస్ వస్తుంది, వచ్చాక పసిపిల్లలైనా చెప్తారు. నాలుగు దగ్గర ఆగినవాడు ఒట్టి డ్రమ్స్‌తో చెప్పాలి, ఏడు అడిగినవాడు బాస్ కూడా విని హాయిగా చెప్తాడు. కానీ వేలంలో ఏడు నిలవదు కదా.

ఒకేలా మొదలయ్యే పాటల 'కవలల రౌండ్' కూడా మాకు ప్రాణం. క్వీన్, డేవిడ్ బోవీ కలిసి పాడిన 'అండర్ ప్రెషర్' 1981ది, వనిల్లా ఐస్ 'ఐస్ ఐస్ బేబీ' 1990ది. రెండో పాట బాస్ మొదటిదాని నుంచి తీసుకున్నదే, తర్వాత క్వీన్, బోవీల పేర్లు కూడా రచయితల్లో చేరాయి. రెండు సెకన్లకి పాడుకున్నవాడి ముఖం అప్పుడు చూడాలి. 'ద పోలీస్' అనే బ్యాండ్ పాట 'ఎవ్రీ బ్రెత్ యు టేక్' గిటార్ వినగానే ఎగిరి చెప్పేసి, అది 1997 నాటి పఫ్ డాడీ పాట అయితే మూడు పాయింట్లు పోగొట్టుకున్నవాణ్ణి నేనే.

ఇంకో వింత. మా హాస్టల్ టేప్ రికార్డర్ మోటారు కొంచెం వేగంగా తిరిగేది. నాలుగేళ్లు పాటలన్నీ అర మెట్టు పైనే విన్నాం. ఇప్పటికీ కొన్ని పాటలు అసలు రికార్డింగ్‌లో వింటే మా ఐదుగురికీ నీరసంగా ఉన్నట్టే ఉంటాయి. బయటి నుంచి వచ్చి ఆడినవాళ్లకి ఈ బాధ లేదు. మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు ఇడ్లీ ప్లేటుతో వచ్చి నా పక్కన నిలబడి, కేట్ బుష్ 1985 పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్' ఒక్క సెకనుకే చెప్పేసింది. 2022లో ఒక వెబ్ సిరీస్ పుణ్యమా అని ఆ పాట ముప్పై ఏడేళ్ల తర్వాత బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. మాకది పాత పాట, దానికి కొత్త పాట. అలాగే ఒక వారం మార్పు కోసం ఇళయరాజా పాటల ప్రిల్యూడ్లు (పల్లవికి ముందొచ్చే సంగీతం) పెట్టాం. మెల్‌బోర్న్ చెల్లెమ్మ వంటింట్లోంచి వచ్చి కూర్చుని మమ్మల్ని ఊడ్చేసింది. మళ్లీ పెట్టలేదు.

లోపాలు లేకపోలేదు. హోస్ట్‌కి చాకిరీ ఎక్కువ. పదిహేను పాటలు ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించడానికి గంటన్నర పడుతుంది. ముందున్న నిశ్శబ్దం తీసేయకపోతే ఒక సెకను వేలంలో అర సెకను గాలే వినిపిస్తుంది. సన్నగా మొదలై నెమ్మదిగా పెరిగే పాటలు ఈ ఆటకి పనికిరావు. 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' పెడితే పదహారు సెకన్లకీ ఏదో దూరంగా మూలుగుతున్నట్టే ఉంటుంది. డల్లాస్‌వాడు హోస్ట్ అయిన ప్రతిసారీ అదే పెడతాడు. ఆరేడుగురు దాటితే వేలం గందరగోళమే. ఆఫీసువాళ్లతో ఇరవై మందితో ఆడాలంటే యాప్ తీసుకోండి, ఒంటరిగా సాధన చేయడానికీ అది బాగానే ఉంటుంది. యాప్‌కి ఐదులో రెండున్నర ఇస్తాను, మా వేలానికి నాలుగున్నర. తగ్గించిన అర పాయింట్ ఆదివారాలు చల్లారిన ఇడ్లీలకి.

పోయిన వారం బీటిల్స్ 'ఎ హార్డ్ డేస్ నైట్' వచ్చింది. 1964, ఒకే ఒక్క మోతతో మొదలవుతుంది. నేను ఒక సెకను అన్నాను, ఇక ఎవరూ దిగరని ధీమా. మెల్‌బోర్న్‌వాడు "అర సెకను" అన్నాడు. నవ్వాం. హోస్ట్ అక్కడికక్కడే కత్తిరించి వినిపించాడు, వాడు చెప్పేశాడు. సెకను కంటే తక్కువ పాడుకోవచ్చా లేదా అని వచ్చే ఆదివారం ఓటింగ్ పెడుతున్నాం. నా ఓటు వద్దనే.