మెయిల్ చేరడానికి డీఎన్ఎస్ రికార్డులు: ఆరేళ్ల వాడకం తర్వాత

రాయల్టీ లెక్కలు మూడు నెలలుగా అందలేదని ఒక రచయిత్రి ఫోన్ చేసి అడిగారు. మా వైపు చూస్తే అన్నీ వెళ్లినట్టే ఉన్నాయి, ఒక్కటీ వెనక్కి తిరిగి రాలేదు. స్పామ్ ఫోల్డర్ తెరిచి చూడమన్నాను. మూడు నెలల మెయిళ్లూ అక్కడ వరసగా ఉన్నాయి. డబ్బు విషయంలో మాట తప్పే సంస్థ అని ఆమె అప్పటికే అనుకున్నారు. ఆ మాట నన్ను చాలా బాధించింది. మా చిన్న ప్రచురణ సంస్థ డొమైన్‌కు డీఎన్ఎస్ రికార్డులు (మెయిల్ నిజంగా మా నుంచే వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఇతర సర్వర్లు చూసే వివరాలు) చూసుకునే పని ఆ రోజే నెత్తికెత్తుకున్నాను.

ఇది జరిగి ఆరేళ్లయింది. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్, పీటీఆర్ అనే నాలుగు రికార్డులతో రోజూ పని చేస్తున్నాను. నాకు తేలిన విషయం ముందే చెబుతాను. నాలుగింటిలో ఎక్కువ నమ్మదగ్గది డీకిమ్. కళ్లు తెరిపించేది డీమార్క్. ఎస్‌పీఎఫ్ తప్పనిసరే, కానీ దాని ఒక్కదాని మీదే భారం వేస్తే మోసపోతాం.

మన డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు మెయిల్ పంపవచ్చో ప్రకటించే ఒక వరస టెక్స్ట్ రికార్డు ఎస్‌పీఎఫ్. పెట్టడం పది నిమిషాల పని కాబట్టి చాలామంది అక్కడితో ఆగిపోతారు. నేనూ మొదటి ఏడాది అక్కడే ఆగాను. నాకు అప్పటికి తెలియనిది ఏమిటంటే, ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది చిరునామాను, లోపలి ఉత్తరం మీది సంతకాన్ని కాదు. అందుకునే మనిషికి కనిపించేది 'ఫ్రమ్' అనే సంతకం. సర్వర్లు తమలో తాము వాడుకునే 'రిటర్న్ పాత్' అనే కవరు చిరునామా వేరే. మేము నెలనెలా పాఠకులకు పంపే వార్తాలేఖ ఒక సేవ ద్వారా వెళ్లేది. ఆ సేవ కవరు మీద తన డొమైన్ వేసుకునేది. ఎస్‌పీఎఫ్ పరీక్ష నెగ్గేది, కానీ నెగ్గింది వాళ్ల డొమైన్. మా రికార్డులో వాళ్ల పేరు చేర్చి నేను నిశ్చింతగా ఉన్నాను. దాని వల్ల మాకు ఒరిగింది ఏమీ లేదు.

రెండో చిక్కు లుకప్‌ల, అంటే డీఎన్ఎస్‌ను అడిగే ప్రశ్నల, లెక్క. ఎస్‌పీఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక రికార్డును పరీక్షించేటప్పుడు పదికి మించి డీఎన్ఎస్ లుకప్‌లు అవసరమైతే మొత్తం ఫలితమే 'పర్మ్ఎర్రర్', అంటే రికార్డే చెల్లదన్న జవాబు, అవుతుంది. వేరే డొమైన్ రికార్డును కలుపుకొమ్మనే ఇంక్లూడ్‌తో పాటు ఏ, ఎంఎక్స్, రీడైరెక్ట్ వంటివి లెక్కలోకి వస్తాయి. నేరుగా రాసిన ఐపీ అడ్రసులు రావు. ఒక ఇంక్లూడ్ లోపల ఇంకో మూడు ఇంక్లూడ్‌లు ఉంటే అవి కూడా మన ఖాతాలోనే పడతాయి. మా రికార్డులో ఉన్నవి నాలుగే ఇంక్లూడ్‌లు. మేము ఒక్క అక్షరం మార్చలేదు. అయినా ఒక వారం ఉన్నట్టుండి అన్నిటికీ పర్మ్ఎర్రర్ రావడం మొదలైంది. కాగితం మీద చెట్టులా గీసుకుని ఒక్కొక్క కొమ్మా లెక్కపెడితే పన్నెండు తేలాయి. మేము వాడే ఒక సేవ తన రికార్డులోకి కొత్త కొమ్మలు చేర్చుకుంది. మన రికార్డు మన చేతుల్లోనే ఉంటుందనే భ్రమ ఆ రోజు పోయింది. మానేసిన సేవ ఒకదాన్ని తీసేశాను, మా సొంత సర్వర్‌ను ఐపీ అడ్రసుతో రాశాను, వార్తాలేఖను ఒక సబ్‌డొమైన్ మీదికి మార్చి దానికి వేరే ఎస్‌పీఎఫ్ పెట్టాను. ఇప్పుడు ప్రధాన డొమైన్‌లో ఐదు లుకప్‌లు మాత్రమే ఉన్నాయి. ఒకే డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు పెట్టడం కూడా ఇదే పర్మ్ఎర్రర్‌కు దారి తీస్తుంది. కొత్త సేవ చేర్చేటప్పుడు ఉన్న వరసలోనే కలపాలి.

డీకిమ్ దగ్గరికి వస్తే నా అభిప్రాయం వేరు. పంపే సర్వర్ ప్రతి మెయిల్‌కూ ఒక డిజిటల్ సంతకం చేస్తుంది, దాన్ని సరిచూసే కీ మన డీఎన్ఎస్‌లో ఉంటుంది. సంతకం మెయిల్‌తో పాటే ప్రయాణిస్తుంది కాబట్టి దారిలో ఎవరైనా పాఠం మార్చకుండా ఫార్వర్డ్ చేసినా చెక్కుచెదరదు. మా రచయితల్లో చాలామంది పాత ఉద్యోగపు చిరునామాకు వచ్చేవాటిని కొత్త చిరునామాకు మళ్లించుకుంటారు. మళ్లించిన చోట ఎస్‌పీఎఫ్ దాదాపు ఎప్పుడూ ఓడిపోతుంది, ఎందుకంటే చివరగా పంపే సర్వర్ మాది కాదు. అలాంటి మెయిళ్లను కాపాడింది డీకిమ్ ఒక్కటే.

దాన్ని పెట్టడంలో మాత్రం ఒక రోజంతా పోగొట్టుకున్నాను. ఎలాగో వివరంగా చెబుతాను, ఇదే తప్పు చాలామంది చేస్తారు. డీకిమ్ రికార్డు పేరు సెలెక్టర్‌తో (ఏ కీ అన్నది చెప్పే గుర్తు పేరు) మొదలై, మధ్యలో అండర్‌స్కోర్ డొమైన్‌కీ అని వచ్చి, చివర డొమైన్‌తో ముగుస్తుంది. నేను ఆ పేరు మొత్తం డీఎన్ఎస్ ప్యానెల్‌లో అతికించాను. ప్యానెల్ తనంతట తాను చివర మా డొమైన్‌ను మళ్లీ చేర్చింది. అంటే డొమైన్ పేరు రెండుసార్లు వచ్చిన ఒక వింత పేరు దగ్గర కీ కూర్చుంది. ప్యానెల్ తెరమీద అంతా సవ్యంగానే కనిపించింది. వ్యాపించడానికి సమయం పడుతుంది కదా అని సాయంత్రం దాకా ఎదురుచూశాను. డీఎన్ఎస్‌లో వెతికే డిగ్ కమాండ్‌తో, మా రికార్డులు ఉండే నేమ్‌సర్వర్‌నే నేరుగా అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. అక్కడ లేని రికార్డు ఎన్ని గంటలు ఆగినా ఎక్కడా కనిపించదు. ఇంకో సంగతి: రికార్డు పెట్టకముందే దాని కోసం వెతికితే 'లేదు' అన్న జవాబును కూడా రిజాల్వర్ (మన తరఫున డీఎన్ఎస్‌ను అడిగే సర్వర్) కొంతసేపు దాచుకుంటుంది. ముందు రికార్డు పెట్టి, తర్వాతే వెతకాలి.

కీ 2048 బిట్లది వాడితే ఆ పాఠం 255 అక్షరాలు దాటుతుంది. టెక్స్ట్ రికార్డులో ఒక్కో తునక అంతకు మించకూడదు కాబట్టి దాన్ని రెండుగా విడగొట్టాలి. కొన్ని ప్యానెళ్లు ఈ పని అవే చేస్తాయి, కొన్ని చివరి అక్షరాలను చడీచప్పుడు లేకుండా కత్తిరిస్తాయి. పెట్టిన తర్వాత కీ చివరి పది అక్షరాలను కంటితో పోల్చి చూసుకోవడం నాకు అలవాటైంది.

ఇక డీమార్క్. అందుకునేవారికి కనిపించే ఫ్రమ్ డొమైన్, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ నెగ్గిన డొమైన్ ఒకటేనా అని అడిగేది ఇదే. రెండింటిలో ఏ ఒక్కటి కుదిరినా చాలు. కుదరకపోతే ఏం చేయాలో మనం చెప్పవచ్చు: 'నన్' అంటే ఏమీ చేయవద్దు, 'క్వారంటైన్' అంటే స్పామ్‌లో వేయండి, 'రిజెక్ట్' అంటే తిప్పి పంపండి. నేను నన్‌తో మొదలుపెట్టి, నివేదికలు పంపాల్సిన చిరునామా ఒకటి ఇచ్చాను. నా దృష్టిలో మొత్తం ఏర్పాటులో అతి విలువైనవి ఈ నివేదికలే.

అవి రోజుకొకటి చొప్పున, జిప్ చేసిన ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా వస్తాయి. మొదట చూస్తే బెదురు పుడుతుంది. కానీ చూడాల్సింది కొంచెమే: పంపిన ఐపీ అడ్రసు, ఎన్ని మెయిళ్లు, డీకిమ్ ఫలితం, ఎస్‌పీఎఫ్ ఫలితం. మూడో రోజు నివేదికలో నాకు తెలియని ఒక ఐపీ కనిపించింది. దాని పక్కన ఏడు మెయిళ్లు, రెండు పరీక్షలూ ఫెయిల్. మోసగాళ్లేమో అని కంగారుపడ్డాను. ఆ ఐపీ ఎవరిదో వెతికితే మా వెబ్‌సైట్ ఉండే సర్వరే! పుస్తకం ఆర్డర్ చేసినవారికి రసీదు పంపే ఫారమ్, మా మెయిల్ సర్వర్‌తో సంబంధం లేకుండా అక్కడి నుంచే నేరుగా పంపుతోంది. ఏళ్లుగా పాఠకులకు రసీదులు స్పామ్‌లోకి వెళ్తుంటే మాకెవరికీ తెలియలేదు. ఫారమ్‌ను పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి మా మెయిల్ సర్వర్ గుండా పంపేలా మార్చాం. మరుసటి వారం ఆ వరస నివేదికల్లోంచి మాయమైంది. నివేదికలు చూడకుండా మొదటి రోజే రిజెక్ట్ పెట్టి ఉంటే ఆ రసీదులు స్పామ్‌లోకి కూడా చేరేవి కావు. అందుకే నన్ దశలో కనీసం రెండు నెలలు ఉండమంటాను. నెలకోసారి, మూడు నెలలకోసారి మాత్రమే మెయిల్ పంపే చోట్లు ఆ లోపు కొన్నైనా బయటపడతాయి.

నివేదికలను వేరే డొమైన్‌లోని చిరునామాకు పంపించుకోవాలనుకుంటే, ఆ డొమైన్ కూడా తన డీఎన్ఎస్‌లో అంగీకారం తెలిపే రికార్డు పెట్టాలి. అది లేకపోతే నివేదికలు రావు, ఎందుకు రావడం లేదో చెప్పేవారూ ఉండరు.

డీమార్క్‌లో నాకు నచ్చనిది ఒకటి ఉంది. మా అనువాదకులు కొందరు ఒక చర్చా బృందపు మెయిలింగ్ జాబితాలో ఉన్నారు. ఆ జాబితా ప్రతి మెయిల్ అడుగున రెండు వాక్యాలు చేరుస్తుంది. పాఠం మారడంతో డీకిమ్ సంతకం చెల్లదు, పంపేది వేరే సర్వర్ కాబట్టి ఎస్‌పీఎఫ్ కుదరదు. మేము రిజెక్ట్‌కు మారిన వారంలోనే మావాళ్ల మెయిళ్లు ఇతర సభ్యులకు చేరడం మానేశాయి. జాబితా నిర్వాహకులు ఫ్రమ్‌లో జాబితా చిరునామానే వేసేలా మార్చి మమ్మల్ని గట్టెక్కించారు. తప్పు వాళ్లది కాదు, మాదీ కాదు. 2012లో వచ్చిన ఈ ఏర్పాటు అంతకు ఎంతో ముందు నుంచీ ఉన్న జాబితాల అలవాట్లతో పొసగలేదు. చర్చా జాబితాల్లో ఎక్కువగా పాల్గొనే సంస్థ అయితే రిజెక్ట్‌కు తొందరపడవద్దని నా సలహా.

పీటీఆర్ గురించి చెప్పాల్సింది తక్కువ. ఐపీ అడ్రసు నుంచి పేరుకు దారి చూపే రికార్డు అది. డొమైన్ ప్యానెల్‌లో ఎంత వెతికినా దొరకదు, ఆ ఐపీని మనకిచ్చిన సంస్థే పెట్టాలి. ఆ పేరు మళ్లీ అదే ఐపీకి తిరిగి రావాలి. సొంత సర్వర్ ఉన్నవారు ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ) అడ్రసుకు కూడా పెట్టించుకోవాలి. మాది ఒక అప్‌డేట్ తర్వాత ఐపీవీ6 మీద పంపడం మొదలుపెట్టింది, దానికి పీటీఆర్ లేదు, రెండు రోజులు మెయిళ్లు తిరిగొచ్చాయి.

2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. పెద్ద సంఖ్యలో పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలన్నాయి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్నాయి, ఒక్క నొక్కుతో వార్తాలేఖ మానుకునే వీలు ఉండాలన్నాయి. జీమెయిల్ లెక్కలో పెద్ద సంఖ్య అంటే రోజుకు సుమారు 5000. మేము అంత పంపం. అయినా మూడూ అప్పటికే ఉండటంతో వార్తాలేఖలో మానుకునే హెడర్ ఒక్కటే చేర్చాల్సి వచ్చింది.

రికార్డులు అన్నీ సరిగా ఉన్నా మెయిల్ ఇన్‌బాక్స్‌లోకే వెళ్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పంపింది మనమేనని ఇవి రుజువు చేస్తాయి, అంతే. అడగనివారికి పంపితే ఆ రుజువు మన మీదికే వస్తుంది. రెండేళ్లుగా మా వార్తాలేఖ తెరవని చిరునామాలను తీసేసిన తర్వాత వచ్చిన మార్పు, ఏ రికార్డు మార్చినప్పుడూ నేను చూడలేదు.

ఇప్పుడు కొత్త సేవ ఏది తీసుకున్నా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మా డొమైన్ పేరుతో డీకిమ్ సంతకం చేస్తారా? 'మీ ఎస్‌పీఎఫ్‌లో మా పేరు చేర్చుకుంటే చాలు' అని జవాబు వస్తే ఇంకో సేవ చూసుకుంటాం. కుదిరాక నాకే ఒక మెయిల్ పంపుకుని, జీమెయిల్‌లో మూల మెయిల్ చూపే పేజీ తెరిచి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా పాస్ అని ఉందో లేదో చూస్తాను. పాస్ అయిన డొమైన్ మాదేనా అని కూడా చూస్తాను.

పాత 1024 బిట్ల కీ ఉన్న సెలెక్టర్ ఒకటి ఇంకా మా డీఎన్ఎస్‌లో మిగిలి ఉంది. కొత్త సెలెక్టర్‌తో సంతకం చేయడం పోయిన వారమే మొదలైంది. పాత సంతకంతో క్యూలో ఆగిన మెయిళ్లు ఏవైనా ఉంటే అవి చేరేదాకా ఇంకో వారం ఆగి దాన్ని తీసేస్తాను.