పాత మోటర్‌హోమ్‌కి నేసిన వినైల్: డాల్టన్‌లో కొన్న సరుకు ఎలా ఉందంటే

మా మోటర్‌హోమ్ 2003 నాటిది. ఫోర్డ్ ఈ-450 వ్యాన్ మీద కట్టిన క్లాస్ సి బండి, అంటే డ్రైవర్ నెత్తి మీద కూడా ఒక మంచం ఉండే రకం. 6.8 లీటర్ల వి-10 ఇంజిన్, ఒక స్లయిడ్, అంటే బండి ఆపాక గోడతో సహా బయటికి జరిగే గది ముక్క. ఇంజిన్‌కి ఏ లోటూ లేదు. లోపలి కార్పెట్ మాత్రం వట్టి కాళ్ళతో అడుగు పెట్టలేనట్టు తయారైంది. మనం గుమ్మంలోనే చెప్పులు విప్పేవాళ్ళం, కింద కూర్చుని తినేవాళ్ళం, రోజూ పోపు పెట్టేవాళ్ళం. లేత గోధుమరంగు కార్పెట్ ఈ మూడింటికీ పనికిరాదు. నాన్నగారు ఏలూరు నుంచి వచ్చినప్పుడు కింద కూర్చోబోయి, అరచేత్తో ఓసారి తడిమి చూసి, "దీనికన్నా గచ్చు నయం కదమ్మా" అన్నారు. ఆ మాటతో కార్పెట్ పీకేయడం ఖాయమైంది.

దాని బదులు పడవల్లో వాడే నేసిన వినైల్, అంటే ప్లాస్టిక్ దారాలతో చాపలా నేసిన పరుపు, వేయించాం. ముందే చెప్పేస్తున్నాను, పాత బండికి ఇంతకంటే తగిన సరుకు నాకు కనబడలేదు. దీన్లో అతుకులుండవు, అదే దీని గొప్ప.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో. డాల్టన్ కూడా ఇదే జార్జియా రాష్ట్రంలో ఉంది, పెద్ద దూరం కాదు. అమెరికాలో తయారయ్యే కార్పెట్లలో సింహభాగం ఆ ఊరి చుట్టుపక్కలే తయారవుతుంది. 1895లో క్యాథరిన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి పెళ్ళి కానుకగా ఇవ్వడానికి చేత్తో కుట్టిన దుప్పటితో అక్కడ ఈ పని మొదలైందంటారు. యంత్రాలు వచ్చాక దుప్పట్ల పని కార్పెట్లకి మళ్ళింది. నాకు ఆ ఊరంటే ఇష్టం. నేను ఏలూరులో తివాచీ మగ్గాలు చూస్తూ పెరిగినదాన్ని. అక్కడ ప్రతి ఊలు పోగూ పడుగుకి ముడిపడుతుంది. డాల్టన్ పద్ధతి వేరు. సూదులు దారాన్ని గుడ్డలో గుచ్చుకుంటూ పోతాయి, వెనక పూసిన లేటెక్స్ జిగురే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ జిగురులో సుద్దపొడి కలుపుతారు. ఏళ్ళ తరబడి ఎండకి ఉడికి, చలికి బిగుసుకున్నాక జిగురు చచ్చి పొడి రాలుతుంది. మా కార్పెట్ ఎత్తితే కింద పరుచుకుని ఉన్న తెల్లటి పిండి అదే. ముక్కుకి మాస్కు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

మేం వెళ్ళింది రోల్ చివరి ముక్కలు అమ్మే షాపుకి. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన ఏ రంగు కావాలని అడగలేదు. "స్లయిడ్ ఉందా? లోపలికొచ్చేటప్పుడు దాని అంచుకీ నేలకీ మధ్య సందెంత?" అని అడిగాడు. కొలుచుకుని రాకపోతే ముక్క కొయ్యనన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు షాపు మీద నమ్మకం కుదిరింది. మా వారు ముందే కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టె చింపి, మడతలు పెట్టి, స్లయిడ్ కింద దూర్చి చూశారు. కార్పెట్ లేకుండా నాలుగు మడతలు సులువుగా పట్టాయి, ఐదోది నలిగింది. ఆ నాలుగు మడతల అట్ట జేబులో పెట్టుకుని వెళ్ళాం. పెద్దాయన దాన్ని వినైల్ పక్కన పెట్టి, వేలితో నొక్కి చూసి, సరేనన్నాడు.

చాలామంది ఇంట్లో వేసే క్లిక్ పలకలే, అంటే అంచులు ఒకదాన్లో ఒకటి బిగుసుకునే పలకలే, బండిలోనూ వేస్తున్నారు. నాకది సమ్మతం కాదు. ఆ పలకలు ఎండకి సాగుతాయి, చలికి ముడుచుకుంటాయి. అందుకే గోడల వెంట సందు వదలమని తయారీదార్లే చెబుతారు. ఇల్లయితే ఏసీ ఉంటుంది. జూలైలో జార్జియా ఎండలో మూసిపెట్టిన బండి కొలిమైపోతుంది, జనవరిలో గడ్డకడుతుంది. దానికి తోడు రోడ్డు మీద బండి మొత్తం మెలికలు తిరుగుతుంది. ఇక బరువు. గట్టి రకం పలకలు చదరపు అడుగుకి రెండు పౌన్ల దాకా తూగుతాయి. నీళ్ళ ట్యాంకు నింపి, సామాను సర్దాక బరువు పరిమితి దగ్గరకొచ్చే బండికి అది చిన్న విషయం కాదు.

మేం కొన్నది ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు రోల్. ఈ దేశంలో బండి వెడల్పు పరిమితే 102 అంగుళాలు, అంటే సరిగ్గా ఎనిమిదిన్నర అడుగులు. అందుకని డ్రైవర్ సీటు వెనక నుంచి బండి వెనకవైపు మంచం దాకా ఒకే ముక్క పరిచాం. పోపులో ఎగిరిన నూనె చుక్కకి గానీ, తడి కాళ్ళకి గానీ దిగడానికి చీలిక లేదు.

అసలు కష్టం పాతది పీకడంలో ఉంది. ఫ్యాక్టరీలో కార్పెట్ పరిచాకే అల్మరాలు బిగిస్తారు. అంచు వాటి కిందే ఉండిపోతుంది, లాగితే రాదు. అల్మరా మొదట్లో కత్తితో కోసుకుంటూ వెళ్ళాలి. ఆపైన స్టేప్లర్ పిన్నులు. జానెడు జాగాలో గుప్పెడు పిన్నులు కొట్టి ఉన్నాయి, సగం తుప్పుపట్టి లాగితే తల ఊడి వస్తాయి. మిగిలిన కాలు ప్లైవుడ్‌లోనే నిలబడి ఉంటుంది. ఒక్కటి వదిలేసినా వినైల్‌ని కింద నుంచి పొడుస్తుంది. మా వారు టార్చ్‌లైటు నేలకి ఆనించి పట్టుకుంటే, ఆ వాలు వెలుగులో నీడ పడ్డ ప్రతి పిన్నునీ కటింగ్ ప్లయర్‌తో తీశాను.

గుమ్మం పక్కన ప్లైవుడ్ మెత్తబడి ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయింది. డ్రైవర్ నెత్తి మీది మంచం కిటికీ దగ్గర కారిన నీళ్ళు గోడలోంచి అక్కడికి చేరాయి. క్లాస్ సి బళ్ళకి ఆ ముందు భాగం కారడం మామూలే. ముందు కిటికీకి కొత్త సీలెంట్ వేసి, గట్టి వాన ఒకటి కురిసేదాకా ఆగి, ఆ తర్వాతే కుళ్ళిన చెక్క కోసి కొత్తది వేయించాం. కారడం ఆగకుండా పైన ఏది పరిచినా డబ్బు దండగ.

పరిచే పని డబ్బిచ్చి చేయించాం. వచ్చినతను రోల్‌ని ముందురోజే బండిలో విప్పి పడుకోబెట్టాడు. చల్లగా ఉంటే ఇది అట్టలా బిగుసుకుని మాట వినదు. నీళ్ళకి ఆగే యాక్రిలిక్ జిగురు పూసి, మధ్య నుంచి అంచులకి రోలరుతో తోసుకుంటూ వెళ్ళాడు. పని శుభ్రంగా ఉంది. బాత్రూమ్ గుమ్మం దగ్గర మాత్రం అంచు వంకరగా కోశాడు, చెక్క పట్టీ వేసి కప్పాల్సొచ్చింది.

డ్రైవర్ దగ్గర వినైల్ వేయనివ్వలేదు. ఇంజిన్ మూత అక్కడే, రెండు సీట్ల మధ్యే ఉంటుంది. వి-10 వేడీ మోతా అంతా పాదాల మీదికే వస్తాయి. అక్కడ మందపాటి కార్పెట్, కింద వేడినాపే పొర ఉండి తీరాలి. మా ఈ-450 లాంటి ఫోర్డ్ ఎకనోలైన్ వ్యాన్లకి సరిపోయేలా అచ్చుపోసిన కార్పెట్ విడిగా దొరుకుతుంది, అది తెచ్చుకున్నాం.

వాడకంలో లోపాలూ తెలిశాయి. నేతలో ఆవాలు ఇరుక్కుంటాయి, చీపురుకి రావు, వాక్యూమ్ పట్టాలి. పసుపు కలిసిన నూనె వెంటనే తుడిస్తే పోతుంది. రాత్రంతా వదిలేస్తే మరక నిలుస్తుంది. కిటికీ కింద పడ్డ మరక ఎండకి కొన్నాళ్ళలో వెలిసిపోయింది, సింకు నీడలో పడ్డది ఇంకా ఉంది. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్లు దీని మీద వేయకూడదు. రబ్బరు వినైల్‌ని మెల్లగా పసుపు పచ్చగా మారుస్తుంది, ఆ రంగు మరి పోదు. జెనరేటర్ శబ్దం మునుపటి కంటే పైకి వినిపిస్తోంది. చలికాలం పొద్దున్నే పాదాలు జిల్లుమంటాయి. మేం వరంగల్ జంపఖానా పరుస్తున్నాం. నూలుది కాబట్టి దులిపి, ఉతికి, తీగ మీద ఆరేసుకోవచ్చు. నాన్నగారు ఇప్పుడు దాని మీదే కూర్చుని భోజనం చేస్తారు.

ముక్కల షాపు కాబట్టి సరుకు రోల్ ధరలో సగానికి వచ్చింది. కొన్నది వాపసు తీసుకోరు, కావలసిన రంగు ఆరోజు ఉండకపోవచ్చు. కూలికి సరుకు కంటే ఎక్కువే అయింది. బండిని ఇంకో రెండేళ్ళలో అమ్మేసే ఆలోచన ఉంటే ఇంత పెట్టక్కర్లేదు, మామూలు వినైల్ షీటు చాలు. ఉంచుకుని తిరిగేవాళ్ళు మాత్రం అవసరానికంటే ఒక గజం ఎక్కువ కోయించుకోండి. గుమ్మం మెట్టు అన్నిటికంటే ముందు అరుగుతుంది, తర్వాత వెళ్తే అదే నేత మళ్ళీ దొరక్కపోవచ్చు.