ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ: పాత పీసీలో నాలుగేళ్ళ వాడకం

జీటీఎక్స్ 1060 6జీబీ గ్రాఫిక్స్ కార్డు తీసేసిన చోట ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ పెట్టి నాలుగేళ్ళు దాటింది. మిగతా పీసీ పాతదే: పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 మదర్‌బోర్డు, ఆరు కోర్ల ప్రాసెసర్, 1440పీ మానిటర్. 2021 ఫిబ్రవరిలో ఈ కార్డు వచ్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు, ఇంత చిన్న చిప్పుకి 12 జీబీ మెమరీ దండగని. ఈ కార్డు ఇంకా పనికొస్తోందంటే ఆ 'దండగ' మెమరీ వల్లే.

వేగం సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 1060 మీద దాదాపు రెట్టింపు, అంతకు కాస్త తక్కువే. మెమరీ చాలినంత వరకు 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 దీన్ని సులువుగా దాటుతుంది, అదీ 170 వాట్లకు బదులు 115 వాట్లతోనే. ఏఎండీ వాళ్ళ ఆర్‌ఎక్స్ 6700 ఎక్స్‌టీ ఇంకా వేగం, కానీ 230 వాట్లు తాగుతుంది.

మెమరీ చాలనప్పుడు ఏమవుతుందో చూడాలంటే బెంచ్‌మార్క్ వీడియోలు అక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, అందులో జీపీయూ తెరవండి. కింద 'డెడికేటెడ్', 'షేర్డ్' అని రెండు మెమరీ లెక్కలుంటాయి. పెద్ద గేము ఒకటి పెట్టి, టెక్స్చర్ల (గోడలు, వస్తువుల మీద పరిచే బొమ్మల) నాణ్యత పైకి లాగి, అరగంట ఆడాక చూడండి. 8 జీబీ కార్డు మీద డెడికేటెడ్ అంకె 7.5 దగ్గర ఆగిపోయి షేర్డ్ అంకె ఒకటిన్నర, రెండు జీబీలకు పాకుతుంటే, పట్టని సరుకు మామూలు ర్యామ్‌లోకి పోతోందన్నమాట. అక్కణ్ణుంచి ప్రతిసారీ కార్డు కూర్చునే పీసీఐ స్లాటు గుండా లాక్కురావాలి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు పడే ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది, కానీ కెమెరా తిప్పినప్పుడల్లా చిన్న కుదుపు. కొన్ని గేములు కుదుపు కూడా చూపించవు, గోడలమీది టెక్స్చర్లనే చడీచప్పుడు లేకుండా మసకగా మార్చేస్తాయి. స్లాటు పాతదైతే దెబ్బ పెద్దది. 4060కి స్లాటులో ఎనిమిది లేన్లే (డేటా నడిచే దారులే) ఉన్నాయి, 3.0 బోర్డులో దానికి దక్కేది సెకనుకు సుమారు 8 జీబీ. 3060కి పదహారు లేన్లు, అంటే అదే బోర్డులో 16 జీబీ. పైగా దీనికి ఆ దారి పట్టాల్సిన అవసరమే అరుదు.

ఒక మెలిక ఉంది. 3060 పేరుతోనే 8 జీబీ రకం కూడా అమ్మారు. తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, బస్సు (చిప్పుకీ మెమరీకీ మధ్య దారి వెడల్పు) కూడా 192 బిట్ల నుంచి 128కి పడిపోయింది. బ్యాండ్‌విడ్త్ 360 నుంచి సెకనుకు 240 జీబీకి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు పెట్టె మీది పేరు చూసి ఊరుకోకుండా కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రాం తెరిచి మెమరీ సైజు, బస్ విడ్త్ రెండూ చూడాలి. పాత చిప్పుకి బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి కొత్త పేరు తగిలించిన నకిలీల్ని కూడా అది చాలావరకు పట్టేస్తుంది.

డబ్బు కట్టేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దానికి ఖర్చేమీ లేదు. ఇప్పుడున్న కార్డుతోనే గేము రిజల్యూషన్ 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ అంతంతమాత్రమే పెరిగితే అడ్డం పడుతోంది ప్రాసెసర్, కొత్త కార్డు పెట్టినా ఆ అంకె కదలదు. ఇంటెల్ ఆర్క్ కార్డుల విషయంలో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. బీ580లో 12 జీబీ ఉంది, వేగమూ ఉంది. కానీ రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) లేని బోర్డులో గానీ పాత ప్రాసెసర్‌తో గానీ అది చతికిలపడుతుంది. 3060కి ఆ సదుపాయం లేకపోయినా పోయేది తక్కువే.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె. ఎన్విడియా చెప్పేది 550 వాట్లు. లేబుల్ మీద పెద్దగా రాసిన అంకెను కాదు, +12వోల్టుల గడిని చదవండి. '500 వాట్లు' అని రాసున్న చవక యూనిట్‌లో 12వోల్టుల దగ్గర 30 ఆంపియర్లే ఉంటే చేతికొచ్చేది 360 వాట్లే. కార్డు 170 అంటే ఎప్పుడూ 170 కాదు, మిల్లీసెకన్లపాటు అంతకు బాగా పైకి ఎగురుతుంది. గేము మధ్యలో నీలం తెర కూడా లేకుండా పీసీ ఠక్కున ఆరిపోయి మళ్ళీ ఆన్ అయితే ముందు అనుమానించాల్సింది ఇక్కడే. డిస్కులకు కరెంటిచ్చే సాటా కనెక్టర్ నుంచి కార్డు అడిగే 8 పిన్నులకు మార్చే అడాప్టర్లు వాడొద్దు. సాటా కనెక్టర్ 12వోల్టుల దగ్గర 54 వాట్లకే చేసింది, 8 పిన్నుల సాకెట్ 150 దాకా అడుగుతుంది. మధ్యలో కరిగేది ప్లాస్టిక్కే.

పాత మానిటర్‌కి డీవీఐ మాత్రమే ఉంటే చూసుకోండి: ఇప్పటి కార్డుల్లో ఆ పోర్టు దాదాపు లేనట్టే. 1080పీ 60 హెర్ట్‌జ్ అయితే హెచ్‌డీఎంఐ నుంచి మామూలు కన్వర్టర్ చాలు. 144 హెర్ట్‌జ్ డ్యుయల్ లింక్ మానిటర్‌కి యాక్టివ్ అడాప్టర్ కావాలి, దాని ధర చూశాక మానిటరే మార్చాలనిపిస్తుంది.

డ్రైవర్ గొడవ చిన్నదే. ఎన్విడియా తీసి ఎన్విడియా పెడితే ఇన్‌స్టాలర్‌లోని 'క్లీన్ ఇన్‌స్టలేషన్' సరిపోతుంది. ఏఎండీ నుంచి ఇటు గానీ, ఇటు నుంచి అటు గానీ మారితే ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్‌ను డీడీయూ అనే ప్రోగ్రాంతో తుడిచాక కార్డు మార్చండి. నెట్ ఉంచితే విండోస్ మధ్యలో తనకు తోచిన డ్రైవర్ ఎక్కించేస్తుంది.

వేడి విషయంలో మొదటిరోజే చేయాల్సిన పని అండర్‌వోల్ట్, అంటే చిప్పుకి అందే వోల్టేజీ తగ్గించడం. ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే గీత తెరుచుకుంటుంది. 875 మిల్లీవోల్టుల చుక్కను 1800 మెగాహెర్ట్‌జ్‌కి లేపి, దాని కుడిపక్క చుక్కలన్నీ అదే ఎత్తుకు చదును చేసి అప్లై చేయాలి. ఈ కార్డు 170 నుంచి 130 వాట్ల దగ్గరికి దిగింది, పోయింది ఒకటి రెండు ఎఫ్‌పీఎస్. ప్రతి చిప్పూ ఒకలా ఉండదు. స్ట్రెస్ టెస్టు దాటినంత మాత్రాన నమ్మొద్దు, రే ట్రేసింగ్ ఉన్న గేము గంటసేపు ఆడి చూడాలి. డ్రైవర్ రీసెట్ అయితే 15 మెగాహెర్ట్‌జ్ చొప్పున దించుకుంటూ రండి.

మూడో ఏడు చివర్లో అసలు వేడి మొదలైంది. కొత్తలో జీపీయూ ఉష్ణోగ్రతకీ హాట్‌స్పాట్‌కీ (చిప్పులో అన్నిటికన్నా వేడి చోటుకీ) తేడా 12 డిగ్రీలు. అది 27 దాకా వెళ్ళింది, హాట్‌స్పాట్ 100 ముట్టింది. దుమ్ము దులిపినా తగ్గకుండా ఈ తేడా ఒక్కటే పెరుగుతోందంటే చిప్పు వేడిని హీట్‌సింక్‌కి దాటించే పేస్టు అంచులకు జారిపోయిందని అర్థం. పేస్టు మార్చేముందు పది నిమిషాలు గేము నడిపి కార్డు వెచ్చబడ్డాక ఆపేసి తీయండి, ఎండిన పేస్టు పట్టు వదులుతుంది. చిప్పు చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయాలి. హీట్‌సింక్‌ను పైకి లాగకండి, మెల్లగా అటూఇటూ తిప్పండి. ఫ్యాను వైరు కింద ఇంకా తగిలే ఉంటుందని మరిచిపోవద్దు. మెమరీ చిప్పుల మీది మెత్తటి ప్యాడ్లు చిరగకపోతే ముట్టుకోవద్దు. 1 మి.మీ. ప్యాడు స్థానంలో 1.5 పెడితే హీట్‌సింక్ చిప్పు మీద ఆనదు, ముందుకన్నా వేడెక్కుతుంది. పేస్టు చిక్కనిదే తీసుకోండి, పల్చనిది కొన్ని నెలల్లోనే మళ్ళీ జారుతుంది. స్క్రూ మీద వారంటీ స్టిక్కర్ ఉంటే, కాలం తీరేదాకా ఆగడమే మేలు.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. 1440పీలో కొత్త గేములకు డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెంచే ఎన్విడియా పద్ధతి) లేకుండా కష్టం. డీఎల్‌ఎస్‌ఎస్‌కి 2025లో వచ్చిన కొత్త ఏఐ మోడల్ ఈ కార్డుమీదా నడుస్తుంది, బొమ్మ చాలా శుభ్రం, కాకపోతే పాత మోడల్‌కన్నా కొంత వేగం తింటుంది. ఎన్విడియా సొంత ఫ్రేమ్ జెనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు కల్పించే పద్ధతి) మాత్రం 40 సిరీస్ నుంచే.

ఇవాళ కొత్తగా కొనేవాళ్ళు 3060 కోసం వెతకనక్కర్లేదు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ రెండూ మంచివే. బోర్డు పీసీఐ 3.0 అయితే నా మొగ్గు రెండోదానికి, పదహారు లేన్లున్నది దానికే. రెండింటికీ అదే పేరుతో 8 జీబీ రకాలున్నాయి. బిల్లు చేతికొచ్చినప్పుడు '16' అనే అంకె అందులో పడిందో లేదో చూసి తీసుకోండి.