లుబ్లిన్ యెషివాలో బస

పోలండ్‌లో యూదుల చరిత్ర చూడదలచిన మనవాళ్లలో చాలామంది క్రాకోతో సరిపెట్టుకుంటారు గానీ, వార్సా నుంచి రైల్లో సుమారు రెండు గంటల దూరంలో ఉన్న లుబ్లిన్‌కు కూడా రెండు రాత్రులు కేటాయించడం మంచిది. లుబర్తోవ్‌స్కా వీధిలో పసుపు రంగు గోడలతో, ముందు తెల్లని స్తంభాలతో ఉన్న 85వ నంబరు భవనమే ఒకప్పటి లుబ్లిన్ యెషివా, అంటే యూదుల మత విద్యాపీఠం. 2013లో అందులోనే ఇలాన్ అనే హోటల్ తెరిచారు.

లుబ్లిన్‌లో ఈ చదువుల సంప్రదాయం పాతది. ఇక్కడి పూర్వపు యెషివా అధిపతికి 1567లోనే పోలండ్ రాజు రెక్టార్ (విశ్వవిద్యాలయ అధిపతి) హోదా ఇచ్చాడు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి యెషివా విద్యార్థులు, మన పాతతరం పేద విద్యార్థుల మాదిరే, వారాలు చేసుకుని చదువుకునేవారు. ఆ దుస్థితి పోవాలని, వసతీ భోజనమూ ఒకే చోట దొరకాలని సంకల్పించిన రబ్బీ (యూదు మతగురువు) మేయిర్ షపీరో అమెరికా దాకా వెళ్లి చందాలు సేకరించి, 1924లో పునాదిరాయి వేసిన ఈ భవనాన్ని 1930లో ప్రారంభించారు. ప్రవేశం కోరేవారికి యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్‌లో వందల పుటలు కంఠతా వచ్చి ఉండాలి. ప్రపంచమంతటా యూదులు రోజుకొక పత్రం చొప్పున ఏడున్నరేళ్లలో తాల్ముద్ పూర్తిచేసే పద్ధతిని 1923లో ప్రతిపాదించినదీ ఆయనే. 1933లో ఆయన మరణించారు. 1939లో జర్మన్ ఆక్రమణతో విద్యాపీఠం మూతపడింది. యుద్ధం తరువాత దశాబ్దాల పాటు ఇక్కడ వైద్య విద్యాసంస్థ నడిచింది.

2007లో పునరుద్ధరించిన ప్రార్థనామందిరం ఈ బసకు ప్రధాన ఆకర్షణ. మగవారు తల కప్పుకుని వెళ్లాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నగర జనాభాలో మూడోవంతు, అంటే సుమారు 43,000 మంది యూదులుండిన చోట నేడున్నది చాలా చిన్న సమాజం, అదీ వార్సా సమాజానికి శాఖ. అందుచేత పాఠాలూ వాదప్రతివాదాలూ వినాలని వచ్చేవారికి నిరాశ తప్పదు.

పాత నగరంలో నేను దిగిన మరో బస అందంగానే ఉంది గానీ, లిఫ్టు లేని మూడో అంతస్తుకు పెట్టెలు మోయడమూ, అర్ధరాత్రి దాటినా తగ్గని కింది హోటళ్ల సందడీ విసుగు పుట్టించాయి. యెషివా భవనంలో నిద్ర బాగా పడుతుంది. కాకపోతే పాత నగరానికి పావుగంటకు పైగా నడవాలి. చరిత్ర కోసం వచ్చేవారికి నా ఓటు దీనికే.

యెషివా ఒక్కటే చూస్తే అక్కడి జనం సంగతి తెలియదు. పాత నగరపు గ్రోద్‌స్కా ద్వారంలో, ఇక్కడి యూదుల జ్ఞాపకాలను భద్రపరిచే కేంద్రంలో ఆ 43,000 మందిలో ఒక్కొక్కరి పేరిట ఒక్కో ఫైలు పెట్టి అరల్లో వరుసగా పేర్చారు. ఏ వివరమూ దొరకక ఖాళీగా ఉన్నవీ వాటిలో ఉన్నాయి. గైడును తప్పక తీసుకోండి, లేకుంటే అవి ఉత్త ఫైళ్లుగానే కనిపిస్తాయి. 1541 నాటి సమాధిరాయి ఉన్న పాత శ్మశానవాటికకు ముందుగా అనుమతి అడిగి వెళ్లాలి. నగరం అంచునే ఉన్న నాజీల నాటి మైదానెక్ నిర్బంధ శిబిరానికి ప్రవేశ రుసుము లేదు, కానీ దానికి సగం రోజైనా పడుతుంది, ఆ రోజు మరే కార్యక్రమమూ పెట్టుకోకండి.

శాకాహారులకు ఇబ్బంది లేదు. యూదుల వంటిళ్ల నుంచి వచ్చిన చెబులాజ్ అనే రొట్టె, పైన తరిగిన ఉల్లిపాయా గసగసాలూ వేసి కాల్చినది, బేకరీల్లో వేడివేడిగా దొరుకుతుంది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి వరకు యూదుల విశ్రాంతి దినం కాబట్టి ఆదివారం నుంచి గురువారం లోపు గది తీసుకుంటే మంచిది.