కెనడీ స్పేస్ సెంటర్‌లో అట్లాంటిస్ ప్రదర్శన: ఒక షటిల్ అభిమాని సమీక్ష

ఫ్లోరిడాలోని కెనడీ స్పేస్ సెంటర్ సందర్శకుల ప్రాంగణంలో 2013 జూన్ 29న ప్రారంభమైన అట్లాంటిస్ ప్రదర్శనను, షటిల్ (అంతరిక్షానికి వెళ్లి విమానంలా తిరిగి దిగే నాసా వ్యోమనౌక; అట్లాంటిస్ వాటిలో ఒకటి) ప్రయోగాలను, ముఖ్యంగా రాత్రి ల్యాండింగులను ఎంతో ఇష్టంగా గమనించిన అభిమానిగా సమీక్షిస్తున్నాను. 2011తో శాశ్వతంగా ఆగిపోయిన ఆ దృశ్యాలను ఒక కట్టడం ఎంతవరకు మన కళ్లకు కట్టగలదన్నదే నా ప్రశ్న.

ద్వారం దగ్గరే 184 అడుగుల ఎత్తున, షటిల్ బాహ్య ఇంధన ట్యాంకుకూ, దాన్ని పైకి ఎగరేసే రెండు బూస్టర్ రాకెట్లకూ అసలు పరిమాణంలోనే చేసిన నమూనాలు నిలబడి ఉంటాయి. ఒకసారి వెలిగిస్తే ఆపడానికి వీల్లేని ఆ ఘన ఇంధన బూస్టర్లు ఎంత పెద్దవో తెరమీద చూసినవారికి అంచనా దొరకదు; వాటి కింద నడిచినప్పుడే తెలుస్తుంది. లోపల ఒక చిత్రం చూపించి, అది ముగియగానే తెరను పైకి లేపుతారు. సరకుల అర తలుపులు తెరుచుకుని, రోబో చెయ్యి చాచుకుని, 43.21 డిగ్రీలు పక్కకు ఒరిగి, కక్ష్యలో ఎలా ఉండేదో అలాగే అట్లాంటిస్ ఎదురుగా కనిపిస్తుంది. 33 యాత్రలు చేసిన ఈ నౌకను కొత్తదానిలా మెరుగుపెట్టకుండా, వాతావరణ ప్రవేశపు వేడికి పలకల మీద పడిన మరకలను అలాగే ఉంచడం నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం.

ప్రయోగ అనుభూతి కోసం ఏర్పాటు చేసిన సిమ్యులేటర్‌లో సీట్లు వెనక్కి ఒరిగి, ఒళ్లంతా అదురుతుంది. దానికి మార్గదర్శిగా కనిపించే వ్యోమగామి చార్లెస్ బోల్డెన్ తొలి యాత్ర 1986 జనవరిలో కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో, ఇంకా తెల్లవారక ముందే దిగడంతో ముగిసిందని గుర్తున్నవారికి ఆయన మాటలు మరింత దగ్గరగా అనిపిస్తాయి. అయితే ఈ సిమ్యులేటర్ ఇచ్చేది వ్యోమగామి చోటే గాని ప్రేక్షకుడి చోటు కాదు. టైటస్‌విల్‌లో ఇండియన్ నది ఒడ్డున, వేదికకు సుమారు 12 మైళ్ల దూరంలో నిలబడినవారికి రాత్రి ప్రయోగంలో ముందు వెలుగు మాత్రమే వచ్చేది. నదీ ఆకాశమూ పట్టపగలులా మారాక, దాదాపు ఒక నిమిషం గడిచిన తర్వాత గాని శబ్దం చేరేది కాదు. ఆ నిమిషపు నిశ్శబ్దం ఈ ప్రాంగణంలో ఎక్కడా దొరకదు.

ల్యాండింగుకు ఇచ్చిన చోటు ఇంకా తక్కువ. షటిల్ దిగే నిటారు వాలును గుర్తుచేసేలా 22 డిగ్రీల వాలుతో పిల్లల కోసం ఒక జారుడుబల్ల పెట్టారు. ప్రయాణికుల విమానం సుమారు 3 డిగ్రీల వాలుతో దిగుతుందని తెలిస్తే అది కేవలం ఆటవస్తువుగా అనిపించదు. కానీ రాత్రి ల్యాండింగు ప్రత్యేకత వేరు. ఇంజిన్ల సాయం లేకుండా గాలిలో తేలుతూ వచ్చే నౌకకు రెండో ప్రయత్నం ఉండదు. ధ్వనికంటే వేగంగా వచ్చే నౌక పుట్టించే జంట పేలుడు శబ్దం (సోనిక్ బూమ్) వినిపించాక కొన్ని నిమిషాలపాటు చీకట్లో ఏమీ కనబడదు; తర్వాత 15,000 అడుగుల రన్‌వే కొసన జినాన్ దీపాల వెలుతురులోకి అది ఒక్కసారిగా ప్రవేశిస్తుంది. 1983 సెప్టెంబరు 5న ఛాలెంజర్ అనే షటిల్ ఎడ్వర్డ్స్‌లో ఈ పని మొదటిసారి చేసింది. మొత్తం 135 యాత్రలలో 26 ఇలా చీకట్లోనే ముగిశాయి. వాటిలో చివరిది 2011 జులై 21 ఉదయం 5:57కు, సూర్యోదయానికి ముందు దిగిన ఈ అట్లాంటిసే కాబట్టి, ఈ ఘట్టానికి ఇక్కడ ఒక చీకటి గది, మంచి ధ్వని వ్యవస్థ కేటాయించి ఉండవలసిందని నా దృఢమైన అభిప్రాయం.

ఛాలెంజర్, కొలంబియా యాత్రలలో మరణించిన 14 మంది స్మారకాన్ని 2015లో ఇక్కడే చేర్చారు. ఛాలెంజర్ నౌక బయటి భాగపు ముక్క, కొలంబియా కిటికీ చట్రాలు ఉన్న ఆ గదిని తొందరలో దాటిపోవద్దు.

ఎగిరే భంగిమలో నిలిపినందువల్ల అట్లాంటిస్ చక్రాలు లోపలే ముడుచుకుని ఉంటాయి. నేలమీద దిగిన షటిల్‌ను చూడాలనుకునేవారు వర్జీనియాలోని ఉద్వర్-హేజీ సెంటర్‌కు వెళ్లాలి. అక్కడ డిస్కవరీ అనే షటిల్ తన చక్రాల మీదే నిలిచి ఉంటుంది. రెండు చోట్లకూ వెళ్లే వీలున్నవారు ముందుగా అట్లాంటిస్‌నే చూడమని, అందుకు కనీసం సగం రోజు కేటాయించమని నా సలహా.