ప్యాడ్లొక్కటే మార్చాలా, డిస్కు లేత్‌కివ్వాలా, కొత్తదే వేయాలా?

డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే ప్యాడ్లు అరిగి, కారు ముందు చక్రాల బ్రేకులు కీచుమంటున్నాయి. చక్రం విప్పి చూస్తే, దానితో పాటు తిరిగే ఇనుప పళ్లెం, అంటే డిస్కు మీద గాళ్లు. ఇంటి దగ్గరే పని చేసుకునేవాళ్లు ఇక్కడే ఆగి ఏది మేలని అడుగుతుంటారు. జవాబు బండి తిరిగిన కిలోమీటర్లలో లేదు, డిస్కు మందంలో ఉంది.

డిస్కు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టోపీ భాగం మీదో అంచు మీదో ‘మిన్ టీహెచ్’ (కనీస మందం) అని అచ్చు ఉంటుంది. దాని పక్క అంకె కన్నా పలచబడితే డిస్కు పారేయాల్సిందే. గాలి సందులున్న డిస్కు కొత్తలో 22 మిల్లీమీటర్లుంటే, ఆ అంకె సాధారణంగా 20 దగ్గర ఉంటుంది. రెండు వైపులా కలిపి మనకు దక్కేది 2 మిల్లీమీటర్లే.

కొలవడంలోనే చాలామంది తప్పుతారు. ప్యాడ్ తగలని బయటి అంచు గట్టులా మిగిలిపోతుంది. మందం కొలిచే వెర్నియర్ దవడలు దాని మీద కూర్చుంటే అరిగిన డిస్కు కూడా కొత్తదిలా కనిపిస్తుంది. మైక్రోమీటర్ లేకపోతే డిస్కుకు రెండు వైపులా ఒక్కో నాణెం ఆనించి కొలిచి, నాణేల మందం తీసేయండి. చుట్టూ ఆరు చోట్ల చూడండి.

ఇక లెక్క. 22 ఉన్న డిస్కు ఒక జత ప్యాడ్లకు 20.9కి వచ్చిందనుకుందాం. అంటే ఒక జత ప్యాడ్లు 1.1 తిన్నాయి. డిస్కును తిప్పుతూ పైపొర కోసే లేత్ మీద గాళ్లు పోవాలంటే ఒక్కో వైపు 0.2 అయినా తీయాలి, 20.5 మిగులుతుంది. కొత్త ప్యాడ్లు సగం అరిగేసరికే డిస్కు హద్దు దాటుతుంది. లేత్ కూలీ దండగ, పని రెండోసారి. అసలు ఈ డిస్కుకు ప్యాడ్లొక్కటే మార్చినా చివరికి 19.8 అవుతుంది. హద్దుకు పైన మిగిలింది పాత ప్యాడ్లు తిన్నదానికన్నా ఎక్కువుంటేనే పాత డిస్కు ఉంచాలి. డిస్కు పలచనైతే వేడి దాచుకోలేదు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పెడల్ తొక్కినా బ్రేకు పట్టు తగ్గడానికి అదొక కారణం.

మందం బాగుండి, గాళ్లు గోరుకు తగలనంత నున్నగా ఉంటే ప్యాడ్లొక్కటే చాలు. డిస్కు మీద ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి.

బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికే బండ్ల సంగతి వేరు. ‘డిస్కు వంగింది’ అంటారు గానీ, చాలాసార్లు వంగదు. డిస్కూ చక్రమూ బిగించే హబ్ మీద తుప్పు వల్ల డిస్కు ఓరగా కూర్చుని, తిరిగిన ప్రతిసారీ ఒకేచోట ప్యాడ్‌కి రాసుకుని అక్కడ పలచబడుతుంది. 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, చేతులకు తెలిసిపోతుంది. దీన్ని నాణేలతో పట్టలేం, మైక్రోమీటరే కావాలి. మామూలు లేత్‌లో పట్టి ఉంచే భాగం, అంటే చక్కు, డిస్కును కాస్త ఓరగా పట్టినా అదే రోగం తిరిగొస్తుంది. బండి మీదే, దాని హబ్ మీదే తిప్పి కోసే మెషిన్ దొరికితే, ఖరీదైన డిస్కులకు అది మంచిదే. చిన్న కార్లకు మాత్రం కొత్త డిస్కులకే నా ఓటు. రంధ్రాల డిస్కులు ఊరి తిరుగుళ్లకు అక్కర్లేదు.

కొత్తది వేసినా హబ్‌ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దకపోతే కొన్నివేల కిలోమీటర్లకే మళ్లీ వణుకు. డిస్కు రాకపోతే సుత్తితో బాదకండి. చాలా డిస్కులకు రెండు మర బెజ్జాలుంటాయి, వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు సమంగా బిగిస్తే అదే ఊడొస్తుంది. కొత్త డిస్కుకు పూసిన నూనె తుడవాలి. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌ను దాని బ్రేక్ ఆయిల్ గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాలి. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులకు మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి బిగుసుకుంటాయి, సిలికాన్ గ్రీజు వాడండి. కొత్త ప్యాడ్లు పట్టేలా క్యాలిపర్‌లోని పిస్టన్‌ను లోపలికి నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగుతుందేమో చూడండి, ఆ ఆయిల్ పెయింటును తినేస్తుంది. వెనక డిస్కుల్లో హ్యాండ్ బ్రేకు కలిసి ఉంటే పిస్టన్‌ను నెట్టకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి. ఎడమా కుడీ రెండు వైపులా మార్చాలి.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేలా ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించి, చల్లారేదాకా బ్రేకు తొక్కి పట్టకుండా నడపండి.